కర్నూలులో డబుల్ మార్కర్, ఎన్‌టీ స్కాన్, జెనెటిక్ కౌన్సెలింగ్: మా అనుభవం

ముందే చెప్తున్నా, ఇది పెద్ద రివ్యూ. కడుపులో బిడ్డకి పుట్టుకతో వచ్చే లోపాలేమైనా ఉండొచ్చేమో చూసే ఈ టెస్టులకి వెళ్లే ముందు ఇలాంటిది తెలుగులో ఒక్కటైనా చదువుదామని చాలా వెతికాను, దొరకలేదు, అందుకే ఓపిగ్గా కూర్చుని రాస్తున్నా. నాకిప్పుడు ఆరో నెల. మూడో నెలలో జరిగిన సంగతి ఇది. మొత్తం మూడు చోట్లకి తిరిగాం, స్కాన్ ఒక చోట, రక్తం ఇచ్చింది ఇంకో చోట, కౌన్సెలింగ్ మరో చోట. పేర్లు రాయడం లేదు. ఒక చోట పొరపాటు జరిగింది, అది రాయకుండా ఉండలేను, అలాగని అక్కడ పనిచేసే పిల్లల ఉద్యోగాల మీదికి తేవడం నాకిష్టం లేదు. మార్కులు అడిగితే మాత్రం స్కాన్‌కి నాలుగు, రక్తపరీక్ష చేసి రిపోర్టు ఇచ్చిన తీరుకి ఒకటి, కౌన్సెలింగ్‌కి ఐదుకి ఐదు.

నాకు 31 ఏళ్లు, మొదటి కాన్పు. మాది మేనరికం, మేనత్త కొడుకునే చేసుకున్నా. మేము కర్నూలులో సీ క్యాంపులో ఉంటాం, అత్తామామలు ఎమ్మిగనూరులో. మా అత్తామామలది కూడా మేనరికమే. ఇదంతా ఎందుకు చెప్తున్నానో కింద తెలుస్తుంది.

ముందు స్కాన్ గురించి. ఎన్‌టీ స్కాన్ 11 వారాలు నిండాక మొదలుపెట్టి 13 వారాల 6 రోజుల లోపే చేయాలి, ఆ తర్వాత ఆ కొలతకి అర్థం ఉండదు. బిడ్డ మెడ వెనక ఉండే సన్నటి నీటి పొర మందం కొలుస్తారు. మాకు చేసిన స్కానింగ్ డాక్టరమ్మకి ఓపిక ఎక్కువ. బిడ్డ వెల్లకిలా తిరగక కొలత రావడం లేదని నన్ను రెండుసార్లు బయటికి పంపి, కాసేపు నడిచి రమ్మన్నారు. మూడోసారి కుదిరింది. 1.4 మిల్లీమీటర్లు, ముక్కు ఎముక కూడా కనిపిస్తోంది, బాగుందని అక్కడే చెప్పారు. మొదలుపెట్టే ముందు ఫారం ఎఫ్ నింపించి, ఆడా మగా తెలుసుకోవాలని లేదని సంతకం తీసుకున్నారు. అది 1994 లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఎక్కడైనా తప్పనిసరి, వాళ్లని విసుక్కోకండి. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే టోకెన్ తొమ్మిదిన్నరకి ఇచ్చి లోపలికి పన్నెండు దాటాక పిలిచారు, కడుపుతో ఉన్నవాళ్లు పది మంది ఉంటే కుర్చీలు ఆరే.

ఆ రోజే డబుల్ మార్కర్ అనే రక్తపరీక్షకి రక్తం ఇవ్వడానికి ఇంకో చోటికి వెళ్లాం. పొద్దున్నుంచి నేనేమీ తినలేదు, ఖాళీ కడుపుతో రావాలని ఎవరో చెప్పారని. అక్కడి అబ్బాయి "దీనికి ఫాస్టింగ్ అక్కర్లేదు మేడమ్" అన్నాడు. కళ్లు తిరుగుతున్నాయి నాకు. డబుల్ మార్కర్‌కి తినే వెళ్లొచ్చు, గుర్తుపెట్టుకోండి. బయటికొచ్చి పక్క బండి మీద ఉగ్గాని బజ్జీ తిన్నాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

తర్వాత జరిగినదానికంతా మూలం అక్కడ నింపిన కాగితమే. మా ఆయన స్కాన్ రిపోర్టు తీసి ఇస్తే, "అవసరం లేదు సార్, లాస్ట్ పీరియడ్ డేట్ చెప్తే చాలు" అన్నాడు. చెప్పాం. బరువు అడగలేదు. రెండు నిమిషాల్లో రక్తం తీసి పంపించేశాడు.

మూడో రోజు రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. తెరవగానే ఎర్ర రంగులో హై రిస్క్, దాని పక్కన 1:180, కింద కటాఫ్ 1:250. అంతే. అదేమిటో, ఎవరిని అడగాలో ఒక్క ముక్క లేదు. రిపోర్టు పంపిన నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ రాత్రి నేను పడుకోలేదు, పక్క రాత్రి కూడా. మధ్యలో పొద్దున వాళ్ల దగ్గర నుంచే ఇంకెవరో ఫోన్ చేసి, "మీ రిపోర్టు హై రిస్క్ వచ్చింది కదా మేడమ్, ఎన్‌ఐపీటీ అనే ఇంకో రక్తపరీక్ష చేయించుకోండి, ఈ నెలలో అయితే డిస్కౌంట్ ఉంది" అన్నారు. నేను ఏడుస్తూనే ఉన్నాను, అవతల వాళ్లు రేటు చెప్తూనే ఉన్నారు. ఆ ఒక్క మార్కు కూడా రక్తం నొప్పి లేకుండా తీసిన అబ్బాయికి ఇచ్చాను.

నన్ను నెలనెలా చూసే డాక్టరమ్మ రిపోర్టు చూసి, కంగారుపడొద్దు, ఏ టెస్టూ ఇప్పుడే చేయించొద్దు, ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కి, అంటే వంశపారంపర్య జబ్బుల గురించీ ఈ టెస్టుల గురించీ విడమరిచి చెప్పే డాక్టరు దగ్గరికి వెళ్లండి అని చీటీ రాసిచ్చారు. కర్నూలులో అలాంటిది ఉందనే నాకు తెలియదు. హైదరాబాద్ నుంచి ఒక జెనెటిక్స్ డాక్టరు నెలకి రెండు శనివారాలు వచ్చి చూస్తారట. అపాయింట్‌మెంట్‌కి ఫోన్ చేస్తే అడిగిన మొదటి మాట నాకు కొత్తగా అనిపించింది: "మీది దగ్గరి సంబంధమా అమ్మా? అయితే ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా వస్తే తీసుకురండి, ఇద్దరివీ పాత బ్లడ్ రిపోర్టులు ఎన్ని ఉంటే అన్నీ తెండి." అత్తమ్మకి చెప్తే ఎమ్మిగనూరు నుంచి పొద్దున బస్సుకే వచ్చేసింది.

ఫీజు వెయ్యి. మాతో కూర్చున్నది యాభై నిమిషాలు. గడియారం నేను చూశాను, ఎందుకంటే ఏ డాక్టరూ మాతో అంతసేపు మాట్లాడింది లేదు.

ఆ జెనెటిక్స్ మేడమ్ మొదట ఆ 1:180 సంగతి తీసుకున్నారు. ఇదే నంబరు వచ్చిన 180 మంది తల్లుల్ని ఒక హాల్లో కూర్చోబెడితే, వాళ్లలో ఒకరి బిడ్డకి డౌన్ సిండ్రోమ్ (క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ ఉండి, ఎదుగుదలా బుద్ధీ నెమ్మదించే పుట్టుక లోపం) ఉండొచ్చు, 179 మందికి ఉండదు, ఇది ఉందని చెప్పే పరీక్ష కాదు, ఎవరికి ఇంకో పరీక్ష అవసరమో వడకట్టే జల్లెడ అన్నారు. జల్లెడ అన్న మాట వినగానే అత్తమ్మ తలూపింది. తర్వాత రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి వేలు పెట్టి చూపించారు. రక్తం రిపోర్టులో నా నెలలు 13 వారాల 1 రోజు అని ఉంది. స్కాన్‌లో బిడ్డ పొడవు 52 మిల్లీమీటర్లు, అంటే 11 వారాల 6 రోజులు. తొమ్మిది రోజుల తేడా. నాకు నెలసరి ఎప్పుడూ నలభై రోజులకి గానీ రాదు, ఆ సంగతి ఎవరూ అడగలేదు. తేడా వస్తే ఏమవుతుందంటే, ఈ టెస్టులో తల్లి రక్తంలో చూసే రెండు పదార్థాల్లో పాప్-ఏ అనేది వారం వారం పెరుగుతుంది, ఫ్రీ బీటా హెచ్‌సీజీ పది వారాల తర్వాత తగ్గుతూ వస్తుంది. నాది 12 వారాలైనా నిండని రక్తం, దాన్ని 13 దాటినవాళ్ల లెక్కతో పోల్చారు. దాంతో నాకు పాప్-ఏ తక్కువ ఉన్నట్టు, హెచ్‌సీజీ ఎక్కువ ఉన్నట్టు తేలింది. డౌన్ సిండ్రోమ్‌లో కనిపించేది కూడా సరిగ్గా ఆ తీరే. పైగా బరువు గడి ఖాళీ, ఎన్‌టీ కొలత గడి ఖాళీ.

"రక్తం మళ్లీ ఇవ్వక్కర్లేదు, సరైన వివరాలతో మళ్లీ లెక్క కట్టమని రాసిస్తాను" అని ఒక కాగితం మీద బిడ్డ పొడవు, ఎన్‌టీ, నా బరువు రాసిచ్చారు. అది పట్టుకెళ్లి ఇస్తే సోమవారం సాయంత్రం కొత్త రిపోర్టు వచ్చింది, 1:1150, లో రిస్క్. ఆ ల్యాబ్ వాళ్లు సారీ చెప్పలేదు. ఎన్‌ఐపీటీ గురించి అడిగితే మేడమ్ చెప్పింది ఇది: తల్లి రక్తంలో కలిసి తిరిగే మాయ తాలూకు డీఎన్ఏని చూస్తారు, పదో వారం నుంచి చేయొచ్చు, డౌన్ సిండ్రోమ్ ఉంటే నూటికి తొంభై తొమ్మిది పట్టేస్తుంది, అయినా అది కూడా జల్లెడే, కొంచెం సన్నటి జల్లెడ. ఖాయంగా చెప్పాలంటే మాయ ముక్క తీసే సీవీఎస్, 11 నుంచి 13 వారాల మధ్య, లేకపోతే 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసే టెస్టు, వాటితో గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంటుంది కాబట్టి అవసరమైతేనే. కొత్త లెక్క లో రిస్క్ వస్తే ఎన్‌ఐపీటీ మీ ఇష్టం, చేయించుకోకపోతే తప్పు కాదు, మనసు ఊరుకోకపోతే చేయించుకోండి, నేను మాత్రం చేయించమనీ అనను వద్దనీ అనను అన్నారు. పద్నాలుగు వేల టెస్టు. మేము చేయించుకోలేదు.

అయిపోయింది కదా, లేద్దామని నేను బ్యాగు సర్దుకుంటుంటే, "కూర్చోండమ్మా, అసలు మాట ఇంకా మొదలవలేదు" అన్నారు. తెల్లకాగితం తీసి కింద ఒక గుండ్రం, ఒక చదరం గీశారు. గుండ్రం నేను, చదరం మా ఆయన. మామూలుగా మొగుడూ పెళ్లాల మధ్య ఒక గీత గీస్తారట, మాకు రెండు గీతలు గీశారు. దగ్గరి సంబంధం అంటే జంట గీత. పైన అత్తమ్మకి, మామయ్యకి మధ్య కూడా జంట గీతే వచ్చింది. నాన్న, అత్తమ్మ తోబుట్టువులు కాబట్టి వాళ్లని ఒకే కొమ్మ కింద కలిపారు. నాయనమ్మ వరకూ వెళ్లింది ఆ చెట్టు.

అప్పుడు అత్తమ్మ వైపు తిరిగి, "మీకు ఎంతమంది పిల్లలమ్మా? పుట్టి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని మెల్లగా అడిగారు. అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, "ముందు ఒక పిల్లోడు పుట్టినాడు, రెండేండ్లకు పోయినాడు" అంది. ఎలా అని అడిగితే, తెల్లగా పాలిపోయేవాడని, పొట్ట ఎత్తుగా ఉండేదని, నెలకోసారి కర్నూలు పెద్దాసుపత్రికి ఎత్తుకొచ్చి రక్తం ఎక్కించుకుని పోయేవాళ్లమని చెప్పింది. మా ఆయన ఆవిడ మొహం వైపే చూస్తున్నాడు. తనకొక అన్న ఉండేవాడని తెలుసు, జ్వరం వచ్చి పోయాడని మాత్రమే ఇంట్లో చెప్పేవాళ్లు. నేను ఆ ఇంట్లో పుట్టిన పిల్లలాగే పెరిగాను, నాకు ఆ మాత్రం కూడా తెలియదు. మేడమ్ చెట్టులో ఇంకో చిన్న చదరం గీసి దాని మీద అడ్డంగా ఒక గీత గీశారు. అత్తమ్మ ఆ చదరం మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది. మేడమ్ పెన్ను కింద పెట్టేసి ఆవిడ వేలు తీసేదాకా ఆగారు.

ఈ రివ్యూలో నేను రాయాలనుకున్న ముఖ్యమైన సంగతి ఇదే, దయచేసి మేనరికం చేసుకున్నవాళ్లు జాగ్రత్తగా చదవండి. డౌన్ సిండ్రోమ్‌కీ మేనరికానికీ సంబంధం లేదు. అది తల్లి వయసుతో పెరిగేది, 25 ఏళ్ల తల్లికి సుమారు 1250లో ఒకటి, 35కి సుమారు 350లో ఒకటి. మేనరికంతో పెరిగేవి వేరే జబ్బులు, తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటేనే బిడ్డకి వచ్చేవి. ఒంట్లో రక్తం సరిగా తయారు కాక, పదే పదే ఎక్కించాల్సి వచ్చే తలసీమియా అలాంటిదే. అలాంటివి డబుల్ మార్కర్‌లో కనిపించవు, మామూలు ఎన్‌ఐపీటీలోనూ కనిపించవు, స్కాన్‌లోనూ చాలావరకు కనిపించవు. మనవైపు అందరూ ఏమనుకుంటారంటే, "మాది మేనరికం, అయినా డబుల్ మార్కర్ నార్మల్ వచ్చింది, ఇంక భయం లేదు" అని. నేనూ అదే అనుకునేదాన్ని. ఆ రెండూ వేరే వేరే ప్రశ్నలు.

మేడమ్ కాగితం మీదే లెక్క కట్టారు. ఆ పిల్లాడిది తలసీమియానే అయితే అత్తమ్మా మామయ్యా ఇద్దరూ క్యారియర్లే, అంటే లోపం ఉన్న జన్యువు ఒకటి మోసేవాళ్లు, పైకి ఆరోగ్యంగానే ఉంటారు. అప్పుడు మా ఆయన క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు. అత్తమ్మ తోబుట్టువు కాబట్టి నాన్నకి రెండింట ఒకటి, నాకు నాలుగింట ఒకటి. ఇద్దరమూ క్యారియర్లు అయ్యే అవకాశం ఆరింట ఒకటి, అలా అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొత్తం కలిపితే 24లో ఒకటి.

తప్పుగా వచ్చిన 180లో ఒకటి చూసుకుని రెండు రాత్రులు ఏడ్చాను. 24లో ఒకటి అనే ఈ అసలు ముప్పు గురించి అప్పటిదాకా నన్ను ఒక్కరూ అడగలేదు. పెళ్లి చేసినవాళ్లు అడగలేదు, ఆసుపత్రి ఫారంలో దగ్గరి సంబంధమా అనే గడి కూడా లేదు.

తెచ్చిన పాత రిపోర్టుల్లోంచి మా ఆయన కంపెనీ హెల్త్ చెకప్ కాగితం తీశారు. హిమోగ్లోబిన్ 12.4, దాని కింద ఎంసీవీ 66. ఆ ఎంసీవీ 80కి పైన ఉండాలట, అది ఎర్రకణం సైజు. రెండేళ్లుగా రక్తం తక్కువని ఐరన్ మాత్రలు మింగుతున్నాడు, అది పెరగనే లేదు. ఎంసీవీ ఇంత తక్కువ ఉండి, ఎర్రకణాల లెక్క మాత్రం ఎక్కువ ఉంటే, ఐరన్ లోపం కంటే ముందు తలసీమియా క్యారియరేమో అని అనుమానించాలట. ఆ ఒక్క అంకె ఎన్నో రిపోర్టుల్లో ఉంటుంది, ఎవరూ చూడరు. మీ ఇంట్లో ఎవరికైనా ఏళ్ల తరబడి రక్తం తక్కువ అంటుంటే ఆ కాగితం తీసి ఎంసీవీ చూడండి.

అదే రోజు ఇద్దరం, తలసీమియా క్యారియరా కాదా చూసే హెచ్‌పీఎల్‌సీ టెస్టుకి రక్తం ఇచ్చాం, మనిషికి తొమ్మిది వందలు. ఇద్దరికీ ఒకేసారి ఎందుకంటే నాకప్పటికే పన్నెండు వారాలు నిండాయి, ఒకవేళ ఇద్దరమూ క్యారియర్లమైతే మా జన్యువులో లోపం ఎక్కడుందో పట్టుకుని ఆపైన బిడ్డకి సీవీఎస్ చేయాలి, టైం చాలదు. అందుకే మేడమ్ పదే పదే అన్నారు, ఇది పెళ్లికి ముందో, కనీసం నెల తప్పకముందో చేయించుకోవాల్సిన టెస్టు అని. తర్వాత కూడా దారి మూసుకుపోదు, గర్భం తీయించుకోవడానికి 2021లో చట్టం మార్చి గడువు పెంచారు, బిడ్డకి పెద్ద లోపాలున్నప్పుడు 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు చూసి అనుమతించొచ్చు. కానీ అంతదాకా తెచ్చుకోవడం ఆడమనిషికి ఎంత నరకమో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఐదు రోజులకి ఫలితాలు వచ్చాయి. హిమోగ్లోబిన్‌లో ఒక రకమైన హెచ్‌బీ ఏ2 మా ఆయనకి 5.3 శాతం, అంటే క్యారియరే. నాకు 2.5, నార్మల్. ఈసారి మేడమే ఫోన్ చేసి ముందు చెప్పి, ఆ తర్వాతే కాగితం పంపించారు. ఒక్కరే క్యారియర్ కాబట్టి బిడ్డకి జబ్బు రాదు, మహా అయితే తండ్రిలా క్యారియర్ కావచ్చు, దానికి సగం అవకాశం. ఐరన్ మాత్రలు ఆపేసి ముందు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ టెస్టు చేయించుకోమని మా ఆయనకి చెప్పారు. ఫోన్ పెట్టేశాక మా ఆయన అత్తమ్మకి చేశాడు. ఆవిడ అడిగింది ఒక్కటే, "అయితే నేను పెట్టిన తిండి వల్ల కాదు కదా నాయనా వాడు పోయింది?" అని. ముప్పై ఏళ్లకు పైగా ఆ మాట లోపల పెట్టుకుని తిరిగింది ఆవిడ.

లోపాలు కూడా రాయాలి. కౌన్సెలింగ్ గది తలుపు సరిగా పడదు, బయట కూర్చున్నవాళ్లకి లోపలి మాటలు వినిపిస్తాయి. అత్తమ్మ తన బిడ్డ గురించి చెప్తుంటే బయట ఒకావిడ చెవులు రిక్కించి వింటోంది, నాకు చాలా బాధేసింది. ఇలాంటి మాటలు మాట్లాడే గదికి ముందు కావాల్సింది మంచి తలుపు. సమ్మతి ఫారాలు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మేడమ్ నోటితో అంతా తెలుగులో చెప్పి, కాగితం వెనక ముఖ్యమైనవి తెలుగులో రాసిచ్చారు, అది ఆవిడ మంచితనం, అచ్చు వేసిన తెలుగు ఫారం ఉంటే అందరికీ పనికొస్తుంది. నెలకి రెండు రోజులే రావడం ఇంకో ఇబ్బంది, ఎన్‌టీ స్కాన్ గడువు చూస్తే మూడు వారాలే, ఒక శనివారం తప్పిపోతే చాలా తేడా వస్తుంది. అందుకే నెల తప్పిందని తెలియగానే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి, స్కాన్ అయ్యేదాకా ఆగొద్దు. ఇక్కడ కుదరకపోతే హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, దూరమైనా అవసరమనుకుంటే వెళ్లాల్సిందే.

డబుల్ మార్కర్ ఇచ్చే చోట స్కాన్ రిపోర్టు తీసుకోకపోతే గట్టిగా అడగండి. ఎన్‌టీ, బిడ్డ పొడవు, మీ బరువు, షుగర్ ఉంటే అదీ, ఐవీఎఫ్ అయితే అదీ కాగితం మీద పడ్డాకే చెయ్యి చాపండి. స్కానూ రక్తమూ ఒకే చోట చేసే సెంటర్ దొరికితే ఇంకా మంచిది.

19వ వారంలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ కూడా అయింది, అన్నీ బాగున్నాయన్నారు. మా ఆడబిడ్డకి బనగానపల్లె నుంచి ఒక సంబంధం వచ్చింది, అబ్బాయి మళ్లీ మావాళ్లకి దగ్గరే. మాటలు మొదలవకముందే అత్తమ్మ తనే కూతుర్ని బస్సెక్కించి నా దగ్గరికి పంపింది, "ఆ తొమ్మిదొందల టెస్టు దీనికీ చేయించు, ఆ పిల్లోడికీ చేయించమని నేనే అడుగుతా" అని. నిన్న రక్తం ఇచ్చి వచ్చాం, రిపోర్టు శుక్రవారం వస్తుంది.